నాలుగు వేల ఫొటోలు తీశాక కూడా ఏమీ అనిపించడం లేదు. ఫొటోగ్రఫీతో జీవితానికి అర్థం దొరుకుతుందన్న మాట నిజమేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పనీ ఇల్లూ సక్రమంగానే నడుస్తున్నా లోపల ఏదో వెలితి. ఫొటోగ్రఫీ పట్టుకుంటే బతుక్కి ఒక అర్థం కనిపిస్తుందని ఎవరో చెబితే కెమెరా కొన్నారు. ఏడాదిలో నాలుగు వేల పైచిలుకు ఫొటోలు తీశారు. వెనక్కి తిరిగి చూసుకుంటే అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక్కటీ మీది అనిపించడం లేదు. లోపం మీ చూపులో ఉందా, లెన్స్ మారిస్తే సరిపోతుందా, లేక ఆ మాటే ఉత్తదా అన్నది ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే ఆ మాట సగం నిజం. షట్టర్ నొక్కినందుకు అర్థం రాదు. ఒకే విషయం దగ్గరికి పదేపదే వెళ్ళడం, తీసినవాటిని కొన్నాళ్ళు ఆగి ఏరడం, ఏరినవాటిని కాగితం మీద పక్కపక్కన పరిచి చూడటం: వచ్చేది ఈ మూడు పనుల్లో. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే తీయడం ఒక్కటే జరిగింది, ఈ మూడూ జరగలేదు. కాబట్టి లోపం మీ చూపుదీ కాదు, లెన్స్‌దీ కాదు. పని సగంలో ఆగింది, అంతే. మిగతా సగం ఎలా చేయాలో చెప్తాను. దానికి పన్నెండు వారాలు పడుతుంది. అంతకన్నా తొందరగా అయ్యే దారి నాకు తెలిసి లేదు.

ఎక్కువ తీస్తే ఎందుకు ఏమీ మిగలదు

కెమెరా చేతిలో ఉంటే మెదడు ఒక చిన్న మోసం చేస్తుంది. 'ఇది భద్రమైంది, ఇక నేను చూడక్కర్లేదు' అనుకుంటుంది. లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు బాగా పనికొచ్చే ఉదాహరణ. మ్యూజియంలో కొన్ని వస్తువులను ఊరికే చూడమనీ, కొన్నిటిని ఫొటో తీయమనీ చెప్పి మర్నాడు పరీక్షిస్తే, ఫొటో తీసిన వస్తువులే తక్కువ గుర్తున్నాయి. అయితే అందులోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని చాలామంది చెప్పకుండా వదిలేస్తారు: వస్తువులో ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు జ్ఞాపకం తగ్గలేదు. ఫ్రేములోకి రాని భాగం కూడా గుర్తుంది. అంటే తప్పు కెమెరాది కాదు. ఎక్కడ చూపు ఆనించాలో ముందే నిర్ణయించుకుని తీస్తే కెమెరా చూపును పదును పెడుతుంది, లేకపోతే చూపు బదులు తానే చూసి పెడుతుంది.

ఏడాదికి నాలుగు వేలంటే రోజుకు పదకొండు. ఒక్కో రోజు ఒక్కో వస్తువు, ఒక్కో చోటు. దేని మీదా చూపు ఆనే వ్యవధి లేదు. మీ ఫొటోలు 'బాగానే' ఉండటానికి కారణం కూడా ఇదే. చూడగానే బాగుండే విషయాలనే తీస్తున్నారు: సంధ్యాకాశం, తడి రోడ్డు మీద దీపాల వెలుగు, పువ్వు మీద నీటిబొట్టు. అవి ఎవరు తీసినా బాగుంటాయి, అందుకే మీవి అనిపించవు.

ఏం తీయాలి

ఒక్క విషయం ఎంచుకోండి. ఎంపిక మీద ఒక వారం వెచ్చించినా దండగ కాదు, ఎందుకంటే ఇక్కడ తప్పితే ఆ తర్వాతి పన్నెండు వారాలూ మొక్కుబడిగా సాగుతాయి. మూడు షరతులు చాలు.

మొదటిది, మీరు రోజూ ఉండే చోటు నుంచి పావుగంటలో చేరుకోగలగాలి. ప్రత్యేకంగా ప్రయాణం కట్టాల్సినవి మూడో వారానికే ఆగిపోతాయి. రెండోది, దానంతట అది మారుతూ ఉండాలి: వెలుతురుతోనో, మనుషుల రాకపోకలతోనో, కాలంతోనో. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. దానితో మీకు ఇంకా తేలని సంబంధం ఏదో ఉండాలి. ఇష్టం కావచ్చు, భయం కావచ్చు, బాకీ పడ్డ భావన కావచ్చు, ఉత్త కుతూహలమైనా కావచ్చు. పూర్తిగా అర్థమైపోయిన దాన్ని తీస్తే ఫొటోలు కూడా మీకు తెలిసిందే చెప్తాయి.

పరీక్ష ఒకటుంది. కాగితం తీసుకుని ఆ విషయం గురించి ఇరవై ప్రశ్నలు రాయండి. 'సాయంత్రం ఈ గదిలో చివరగా వెలుతురు పోయేది ఏ మూల?', 'మా నాన్న పని చేసేటప్పుడు ఎడమ చేత్తో ఏం చేస్తాడు?', ఇలాంటివి, కంటితో జవాబు దొరికే ప్రశ్నలు. ఐదారు దగ్గరే ఆగిపోతే విషయం పలచనిది, మార్చండి. ఇరవై దాటి ఇంకా వస్తుంటే అదే మీ విషయం.

ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు: 'ఒంటరితనం', 'కాలం', 'అమ్మ ప్రేమ' అని రాసుకుంటారు. వీటిలో దేని వైపూ కెమెరా తిప్పలేం. ఆ తర్వాత ఏమవుతుందంటే, భావానికి గుర్తులు వెతకడం మొదలవుతుంది. ఒంటరితనానికి ఖాళీ బెంచీ, కాలానికి గోడ గడియారం, విషాదానికి ఎండుమాను. ఇవన్నీ ముందే అర్థం అంటించుకుని వచ్చే సామాన్లు, మీరు కొత్తగా కనుక్కునేది వాటిలో ఏమీ ఉండదు. 'ఒంటరితనం' బదులు 'అందరూ లేచి వెళ్ళాక మా భోజనాల బల్ల' అని రాసుకోండి. అది తీయగలిగిన విషయం. అందులో ఒంటరితనం ఉందో, హాయి ఉందో, ఇంకేదైనా ఉందో పన్నెండు వారాల తర్వాత ఫొటోలే చెప్తాయి.

విషయం చిన్నదైపోయిందని భయపడకండి. యోసెఫ్ సుదెక్ అనే చెక్ ఫొటోగ్రాఫర్ మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్నాడు. 1940 నుంచి 1954 దాకా ప్రాగ్ నగరంలో తన స్టూడియో కిటికీని తీశాడు. అద్దం మీద ఆవిరి, అవతల ఒక వంకర చెట్టు, గట్టు మీద ఒక గ్లాసు, అంతే. అందుకు పద్నాలుగేళ్ళు సరిపోయాయి. ఆంద్రే కెర్టేజ్ అనే ఇంకో ఫొటోగ్రాఫర్ 1977లో భార్య చనిపోయాక, ఎనభై దాటిన వయసులో, కిటికీ గట్టు మీద ఒక గాజు ప్రతిమను పెట్టి పోలరాయిడ్ కెమెరాతో తీస్తూ పోయాడు. ఆ గాజులో వెలుతురు గంటగంటకూ మారుతుంది, ఆయనకు కావలసిందల్లా అదే.

కెమెరా సెట్టింగులు: ఒకసారి పెట్టి మరిచిపోవాల్సినవి

ఈ భాగం త్వరగా ముగిస్తాను. కెమెరా మీద ఆలోచన ఎంత తగ్గితే చూపు అంత మిగులుతుంది.

ఒకే లెన్స్, ఒకే దూరం. ఫుల్‌ఫ్రేమ్ (35 ఎంఎం ఫిల్ము అంత సెన్సర్) లెక్కలో 35 లేదా 50 మిల్లీమీటర్లు. జూమ్ లెన్స్ మాత్రమే ఉంటే 35 దగ్గర తిప్పి టేపు అంటించండి. ఫోన్ అయితే ప్రధాన లెన్స్ ఒక్కటే వాడండి, రెండు వేళ్ళతో జూమ్ చేయొద్దు. ఎపర్చర్ ప్రయారిటీలో (లెన్స్ రంధ్రం మీరు పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకునే మోడ్) ఎఫ్ 5.6 లేదా 8, ఆటో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) గరిష్ఠం 6400. కదిలే మనుషులుంటే కనీస షట్టర్ వేగం సెకనులో 250వ వంతు, నిశ్చలంగా ఉన్నవాటికి 125వ వంతు. వీలుంటే రా (కెమెరా దిద్దని ముడి ఫైలు), జేపెగ్ (మామూలు ఫొటో ఫైలు) రెండూ దాచండి. తీసిన వెంటనే తెర మీద ఫొటో చూపించే ఆటో రివ్యూను ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ప్రతి క్లిక్ తర్వాత తల దించుతారు, మీ ముందు జరుగుతున్నది ఆలోపే జరిగిపోతుంది.

ఒక్క సెట్టింగు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి: వెలుతురు రంగును కెమెరా సరిదిద్దే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో ఉంచొద్దు, డేలైట్‌లో స్థిరంగా పెట్టండి. ఆటోలో కెమెరా ప్రతి ఫొటోలో రంగును తటస్థం వైపు లాగుతుంది. సాయంత్రపు పసుపునూ, మబ్బు రోజు నీలాన్నీ తుడిచేసి రెంటినీ ఒకేలా చేస్తుంది. మీరు వారం వారం ఒకే చోటికి వెళ్ళేది ఆ తేడా చూడటానికే కదా. ఫోన్‌లో మామూలు కెమెరా యాప్‌లో ఈ సౌకర్యం లేకపోతే ప్రో మోడ్‌లో వెతకండి, దాదాపు 5500 కెల్విన్ (పగటి వెలుతురు రంగు) దగ్గర పెట్టండి.

ఇంట్లో బల్బుల వెలుతురులో తీసేవాళ్ళకు ఒక హెచ్చరిక. చప్పుడు కాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే కొన్ని దీపాల కింద ఫొటోలో అడ్డచారలు వస్తాయి. దీపం కరెంటుతో పాటు మినుకుమనడమే కారణం. కరెంటు 50 హెర్ట్‌జ్ ఉన్న చోట షట్టర్‌ను 50వ లేదా 100వ వంతు, 60 హెర్ట్‌జ్ ఉన్న చోట 60వ లేదా 125వ వంతు దగ్గర పెడితే చారలు చాలావరకు పోతాయి. ఫోన్‌తో తీసేవాళ్ళు ముందు లెన్స్ తుడుచుకోండి. మసకగా, దీపాల చుట్టూ పొగ కమ్మినట్టు వచ్చే ఫొటోల్లో అధిక భాగం వేలిముద్రల పుణ్యమే.

ఒక్కో విడత ఎలా జరగాలి

వారానికి ఒకసారి, నలభై ఐదు నిమిషాలు, 36 ఫ్రేములు మించకుండా. 36 ఎందుకంటే ఫిల్ము రోజుల్లో ఒక రోలు నిడివి అది. మనసు పెట్టి తీస్తే ముప్పావు గంటకు సరిగ్గా సరిపోయే సంఖ్య కూడా. పన్నెండు వారాలకు 432 ఫ్రేములు. మీ నాలుగు వేలతో పోలిస్తే పదో వంతు.

మొదటి పది నిమిషాలు కెమెరా సంచీలోనే ఉండాలి. ఊరికే నిలబడండి లేదా కూర్చోండి. వెలుతురు ఎటు నుంచి వస్తోంది, ఏది కదులుతోంది, పోయిన వారం లేనిది ఏముంది, ఈ మూడింటికీ మనసులో జవాబు చెప్పుకోండి. ఈ పది నిమిషాలు విసుగ్గా ఉంటాయి, మూడో వారం దాకా చాలా విసుగ్గా ఉంటాయి. విసుగు వచ్చిందంటే చూడగానే కనిపించేవి అయిపోయాయని అర్థం. ఆ తర్వాత కనబడేవే తీయదగినవి.

తర్వాత పాతిక నిమిషాలు తీయండి. ఒక ఫ్రేము తీశాక అక్కడి నుంచి పరుగెత్తకండి. రెండడుగులు ముందుకు, మోకాలి ఎత్తుకు, పక్కకు, అలా అదే విషయాన్ని మూడు నాలుగు తీరుల్లో చూడండి. ప్రతి విడతలోనూ ఒక్క ఫ్రేము మాత్రం సరిగ్గా ఒకే చోట నిలబడి తీయండి, అది మీ కొలబద్ద. అదే చోటుకు మళ్ళీ రావడానికి నేల మీద గుర్తు చాలదు. దగ్గర వస్తువొకటి, దూరపు వస్తువొకటి ఎంచుకుని, మొదటి ఫొటోలో అవి ఒకదాన్నొకటి ఎక్కడ కప్పుతున్నాయో చూసుకోండి. తర్వాతి వారాల్లో అవి సరిగ్గా అలాగే కప్పుతూ కనిపించేదాకా జరుగుతూ రండి. నిలబడ్డ చోటు జానెడు మారినా అవి కప్పే తీరు మారుతుంది, కాబట్టి ఇది నమ్మదగిన కొలత.

చివరి పది నిమిషాలు నోటు పుస్తకానికి. తేదీ, సమయం, వెలుతురు, ఎవరున్నారు, తీయాలనుకుని తీయలేకపోయినది ఏమిటి. ఆఖరిది తప్పకుండా రాయండి. 'అడగడానికి మొహమాటపడ్డాను', 'కోపంగా ఉన్నాడని ఆగాను' లాంటి వాక్యాలు ఏరేటప్పుడు ఫొటోలకన్నా ఎక్కువ చెప్పిన సందర్భాలు ఉంటాయి.

ఏరడం

అసలు పని ఇక్కడుంది. దీనికి ఎంత సమయం ఇవ్వాలని అడిగితే, తీయడానికి పట్టినంత అంటాను.

ఇంటికి రాగానే కార్డులోంచి కాపీ చేసి మూసేయండి. రెండు వారాల దాకా తెరవొద్దు. తీసిన రోజు చూస్తే మీకు కనిపించేది ఫొటో కాదు, తీసేటప్పుడు పడ్డ కష్టం, ఆ క్షణపు ఉత్సాహం. గ్యారీ వినోగ్రాండ్ అనే వీధి ఫొటోగ్రాఫర్ సరిగ్గా ఈ కారణానికే ఫిల్మును ఏడాది, అంతకన్నా ఎక్కువ కాలం కడగకుండా ఉంచేవాడు. అయితే ఆయన దగ్గరే రెండో పాఠమూ ఉంది. 1984లో చనిపోయేనాటికి రెండున్నర వేల రోళ్ళు కడగకుండానే మిగిలిపోయాయి. ఆగడం వేరు, చూడకుండా పోగేయడం వేరు. మీ నాలుగు వేల ఫొటోల పరిస్థితి ఇప్పుడు రెండోది. అందుకే రెండు వారాలంటే రెండు వారాలే, మూడో వారం దాటనీయొద్దు.

మొదటి జల్లెడ: ఒక్కో ఫొటోకు రెండు సెకన్లు. ఉండాలా, వద్దా? 36లో ఆరుకు మించి మిగలకూడదు. ఇక్కడ తప్పు జరిగేది ఎప్పుడూ ఒకే చోట. ఫోకస్ కుదరనిదాన్నీ, వంకరగా వచ్చినదాన్నీ ముందు తీసేస్తారు. ఒక్క క్షణం ఆగండి. సాంకేతికంగా చెడినా చూపు మళ్ళీ మళ్ళీ దాని మీదికే పోతుంటే ఉంచండి. అన్నీ సవ్యంగా ఉండి చూపు జారిపోయేదాన్ని తీసేయండి. తీసేయడమంటే చెరిపేయడం కాదు, పక్కన పెట్టడం. తొమ్మిదో వారంలో రెండో వారం ఫొటో ఒకటి హఠాత్తుగా అవసరం పడుతుంది.

పన్నెండు వారాలకు 72 మిగులుతాయి. వాటిని ప్రింట్ చేయించండి. తెర మీద చేస్తే ఈ పని సగమే అవుతుంది, ఎందుకంటే తెర మీద ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. బల్ల మీద అన్నీ ఒకేసారి ఉంటాయి. పోలికలు కనబడాలంటే పక్కపక్కనే ఉండాలి.

ప్రింట్ల లెక్క: 4×6 అంగుళాలు చాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 1200×1800 పిక్సెళ్ళు కావాలి, ఈనాటి ఏ ఫోనైనా అంతకు ఎన్నో రెట్లు ఇస్తుంది. రెండు చిక్కులు వస్తాయి. ఒకటి, ఫోన్ ఫొటో కొలత సాధారణంగా 4:3, ఈ కాగితం 3:2. ఏమీ చెప్పకపోతే పైనా కిందా కోసేస్తారు. 'పూర్తి ఫ్రేము, తెల్ల అంచుతో' అని ముందే చెప్పండి. రెండు, తెర మీద కన్నా కాగితం మీద చీకటిగా వస్తాయి. తెర వెలుగు ఎక్కువగా పెట్టుకుని ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుగుగా ఉండాలన్నది) సరిచేయడమే దీనికి కారణం. తెర వెలుగును సగానికి దించి, ముందు ఐదు ఫొటోలు నమూనాగా వేయించి చూసుకుని, తర్వాత మిగతావి ఇవ్వండి.

ఇప్పుడు 72 ప్రింట్లనూ నేల మీద పరిచి మూడు కుప్పలు చేయండి. 'బాగున్నవి', 'నిజమనిపించేవి', 'ఎందుకో తెలియదు గానీ తీసేయలేనివి'. మూడో కుప్పే మీ పెట్టుబడి. మొదటి కుప్పలోవి ఇతరులకు చూపించడానికి పనికొస్తాయి గానీ మీరు అడిగిన ప్రశ్నకు వాటిలో జవాబు ఉండదు.

రెండో, మూడో కుప్పలను గోడకు అంటించి వారం రోజులు ఉంచండి. అటూ ఇటూ నడుస్తూ చూస్తుండండి. కన్ను దాటేసిపోతున్నవాటిని రోజుకు రెండు మూడు చొప్పున తీసేస్తూ రండి. రాబర్ట్ ఫ్రాంక్ అనే ఫొటోగ్రాఫర్ 1955 నుంచి అమెరికా అంతా తిరిగి 27 వేల పైచిలుకు ఫ్రేములు తీశాడు. వాటిలో వెయ్యికి పైగా పని ప్రింట్లు (ఏరడానికి వేసుకునేవి) వేసుకుని, గోడల మీదా నేల మీదా పరిచి వడకట్టాడు. చివరికి 'ది అమెరికన్స్' అనే ఆయన పుస్తకంలో మిగిలినవి 83. మీరు 72 నుంచి పదిహేనుకు రావాలి. ఆయన కష్టంతో పోలిస్తే ఇది నయమే.

పదిహేనూ మిగిలాక ఒక కాగితం మీద లెక్క వేయండి. ఎంత దూరం నుంచి తీశారు? కెమెరా ఏ ఎత్తులో ఉంది? వెలుతురు ముందు నుంచా, వెనక నుంచా? మనుషులుంటే ఎటు చూస్తున్నారు? ఫ్రేము అంచున ప్రతిసారీ తెగిపోతున్నది ఏది? తలుపు, కిటికీ, గడప లాంటివి ఎన్నిసార్లు వచ్చాయి? అనుకుని తీసినవి కావివి, అనుకోకుండా పదే పదే చేసినవి. ఆ పునరావృతమే మీకు కావలసిన సమాచారం.

భోజనాల బల్ల ఉదాహరణే తీసుకుందాం. పదిహేనింటిలో పదకొండు గుమ్మం దగ్గర నిలబడి తీసినవని తేలిందనుకోండి. లోపలికి వెళ్ళకుండా, పూర్తిగా బయటికి పోకుండా. లేదా ప్రతి ఫొటోలోనూ ఒక కుర్చీ సగం తెగి ఉంది, అది ఎప్పుడూ ఒకే మనిషిది. అలాంటిది కనబడినప్పుడు వెంటనే పెద్ద తీర్పు ఇచ్చుకోవద్దు. గుమ్మం దగ్గర నిలబడటానికి గది ఇరుకు కావడమే కారణం కావచ్చు. దాన్ని ప్రశ్నగా మార్చి తర్వాతి విడతకు తీసుకెళ్ళండి: ఈసారి ఆ కుర్చీలో కూర్చుని తీస్తే ఏమవుతుంది? తీయలేకపోతే ఎందుకు తీయలేకపోయారో నోటు పుస్తకంలో రాయండి. జీవితానికి అర్థం అని జనం పెద్ద మాటగా చెప్పేది ఆచరణలో ఇలాగే ఉంటుంది. మీకు దేని మీద పట్టింపు ఉందో మీకన్నా ముందు మీ కాళ్ళకు తెలిసి ఉంటుంది, ఎక్కడ నిలబడ్డాయో చూస్తే అది బయటపడుతుంది.

పదిహేనింటికీ వెనక రెండు వాక్యాలు రాయండి. ఒకటి తేదీ, చోటు, ఉన్నదున్నట్టు ఏముందో. రెండోది ఫ్రేము బయట అప్పుడు ఏం జరుగుతోందో. భావం పేరు రాయొద్దు. 'మౌన వేదన' అని రాసిన క్షణాన ఆ ఫొటో ఇంకేమీ చెప్పడం మానేస్తుంది. మామూలు ఫొటో కాగితం వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి పెన్సిల్ అంటదు, బాల్‌పెన్ నొక్కితే ముందువైపు గీత తేలుతుంది. ఆమ్లం లేని పిగ్మెంట్ సిరా పెన్నుతో అంచున రాసి, పూర్తిగా ఆరాక పేర్చండి. దాచే సంచులు పాలీప్రొపిలీన్‌వి అయితే మంచిది. ఘాటుగా ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ సంచుల్లో కాలం గడిచేకొద్దీ ఫొటోలు అతుక్కుపోతాయి. ఫైళ్ళకు మూడు కాపీలు, రెండు రకాల నిల్వ సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఇంట్లో.

మనుషుల్ని తీస్తున్నట్లయితే

అడిగి తీయండి. అడిగితే సహజత్వం పోతుందన్నది అపోహ. మొదటి పది నిమిషాలే పోతుంది. ఆ పది నిమిషాలూ మాట్లాడుతూ ఉండండి, వాళ్ళు కెమెరాను మరిచి తమ పనిలో పడతారు, అప్పుడు తీయండి. వారంలోగా ఒక ప్రింటు తీసుకెళ్ళి చేతికివ్వండి. ఫైలు పంపడం దీనికి సాటి రాదు. ప్రింటు ఇచ్చేటప్పుడు వాళ్ళు దాన్ని చూసే తీరు, అప్పుడు చెప్పే మాటలు, రెండోసారి వెళ్ళినప్పుడు మీకు దొరికే చోటు, ఇవన్నీ ఆ కాగితం వల్ల వస్తాయి. వెలితి అని మీరు రాసినదానిలో కొంత మనుషులతో సంబంధించినదే అయితే, ఈ ఒక్క అలవాటు మిగతా అన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది. ఫలానాది ఎక్కడా పెట్టొద్దని వాళ్ళంటే మారు మాట్లాడకుండా ఒప్పుకోండి. పిల్లలవీ, జబ్బుతో ఉన్నవాళ్ళవీ వాళ్ళు ఒప్పుకున్నా నేనైతే బయట పెట్టొద్దంటాను.

నెట్‌లో పెట్టడం గురించి

ఈ పన్నెండు వారాలూ పెట్టొద్దు. ఇది నీతి కోసం చెబుతున్నది కాదు. పంచుకోవాలన్న ఉద్దేశంతో ఫొటోలు తీసేవారికి ఆ అనుభవంలో ఆనందం తగ్గుతుందని బరాష్, జౌబర్‌మన్, డీల్ అనే పరిశోధకులు 2018లో ప్రచురించారు. తీసేటప్పుడే 'నన్ను ఏమనుకుంటారు' అన్న ధ్యాస వచ్చి పడుతుందన్నది వాళ్ళు చూపిన కారణం. ఏరేటప్పుడు దీని దెబ్బ ఇంకా ఎక్కువ. లైకులు వచ్చిన ఫొటో మొదటి కుప్పలోకి పోతుంది, మూడో కుప్పలోవి సిగ్గుపడి దాక్కుంటాయి. ఒక్క మనిషికి చూపించండి, అంతే. 'బాగుందా?' అని కాకుండా 'ఇందులో నీకు ఏం కనిపిస్తోంది?' అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నోరు విప్పకండి. వివరించడం మొదలుపెడితే వాళ్ళు మీ వివరణనే చూస్తారు.

అసలెవరికీ చూపించకుండా తీయడమూ ఉంది. వివియన్ మేయర్ షికాగోలో ఆయాగా పని చేస్తూ లక్షకు పైగా నెగెటివులు మిగిల్చింది. 2007లో ఆమె సామాను వేలానికి వచ్చేదాకా బయటివాళ్ళకు తెలియదు. ఆ ఫొటోలు ఆమెకు ఏమిచ్చాయో మనం చెప్పలేం, కాబట్టి ఆమె దారే గొప్పదని ఎవరైనా అంటే నమ్మకండి. మీకు మటుకు ఒక్క మనిషైనా చూడటం మేలు.

ఎప్పుడు కెమెరా పక్కన పెట్టాలి

రెండు సందర్భాలు. మొదటిది, కెమెరా దాక్కునే చోటుగా మారినప్పుడు. ఇంట్లో ఎవరైనా బాధలో ఉంటే, మీ చేతులు అవసరమైన చోట ఉంటే, ఐదు నిమిషాలకు మించి కెమెరా కంటికి ఆనించొద్దు. చివరి దశలో ఉన్న ఆప్తుల్ని తీయాలనిపిస్తే అది తప్పు కాదు, చాలామంది తర్వాత అందుకు సంతోషించారు. కానీ వాళ్ళనూ ఇంట్లోవాళ్ళనూ అడిగి, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుతురులో, నాలుగైదు ఫ్రేములతో ఆపండి. ముఖం కాకుండా చేతులు తీయడం వాళ్ళకూ మీకూ తేలిక.

రెండోది, వెలితి అన్నది వెలితి కాకుండా జబ్బు అయినప్పుడు. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి తప్పి, ఇష్టమైన ఏ పని మీదా మనసు నిలవకపోతుంటే, బతకడం దండగ అనిపిస్తుంటే, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆ స్థితిలో వారం వారం 36 ఫ్రేములు తీయమనడం విరిగిన కాలితో నడవమన్నట్టే. చికిత్స నడుస్తుండగా తీయాలనిపిస్తే రోజుకు ఒక్కటి చాలు, ఏరడం తర్వాత చూసుకోవచ్చు.

ఇక లెన్స్ సంగతి. ఇప్పుడు కొనకండి. పన్నెండు వారాలయ్యాక నోటు పుస్తకం తెరిచి, 'తీయలేకపోయినవి' అన్న వరుసలన్నీ లెక్కపెట్టండి. వాటిలో మూడో వంతుకు పైగా దూరం చాలకో, వెలుతురు చాలకో పోయినవైతే ఏ లెన్స్ కావాలో అక్కడే రాసి ఉంటుంది. మొహమాటం వల్ల పోయినవే ఎక్కువుంటే ఆ డబ్బు ప్రింట్లకు పెట్టండి. మీ పాత నాలుగు వేల ఫొటోలను కూడా పారేయొద్దు. మొదటి రెండు వారాలు కొత్తవి చూడకుండా ఆగాలి కదా, ఆ ఖాళీలో పాతవాటి మీద జల్లెడ పట్టడం సాధన చేయండి. ఒక్కోదానికి రెండు సెకన్లంటే మొత్తం రెండు గంటల పైచిలుకు పని, ఒకే బిగిని చేయకుండా నాలుగు విడతలుగా చూస్తే కన్ను అలవకుండా ఉంటుంది.